నా అరుపు వినాల్సిన చెవి

నేను ఒక బేరింగుని. అదేమిటో తెలియనట్టు అలా మొహం పెట్టకండి. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోందంటే, మిక్సీలో పచ్చడి నలుగుతోందంటే, లోపల మావాళ్ళెవరో నడుం విరిగేలా చాకిరీ చేస్తున్నట్టే. మీరు ఫ్యాను బాగుందంటారు, మిక్సీ బాగుందంటారు. మమ్మల్ని మాత్రం పాడయ్యాకే తలుచుకుంటారు, అదీ తిట్టడానికి.

నా ఒళ్ళంటారా, ఏముంది? ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు ఉక్కు కడియాలు, వాటి మధ్య పరుగులు తీసే గోళీల్లాంటి ఉక్కు గుళ్ళు. అంతే. కానీ పుట్టింటి గురించి అడిగితే మాత్రం నేను కాస్త గొప్పలు పోతాను, ఓర్చుకోండి. దేశం మొత్తం మీద బేరింగులకి పేరున్న కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. జర్మనీవాళ్ళు గొప్పా, జపానువాళ్ళు గొప్పా, మేము గొప్పా అని పెద్దపెద్ద హోటళ్ళలో మీటింగులు పెట్టుకుని వాదించుకునే రకం. అందులో ఒకరి ఇంట పుట్టాను నేను. మా ఫ్యాక్టరీలో దుమ్మంటే దయ్యం కింద లెక్క. లోపలికి వచ్చేవాళ్ళు తలకి టోపీ, చేతులకి తొడుగులు వేసుకునేవాళ్ళు. తల వెంట్రుకని నిలువునా చీల్చి చీల్చి ఇక చీల్చలేనంత సన్నం చేస్తే ఎంత ఉంటుందో, అంత తేడా ఉన్నా మమ్మల్ని అవతల పారేసేవాళ్ళు.

చివర్లో ఒక గాజుగది ఉండేది. అక్కడ ఒకమ్మాయి మమ్మల్ని ఒక్కొక్కర్నీ మిషను మీద తిప్పి చప్పుడు వినేది. కిక్కురుమన్నవాళ్ళు కొలిమికి పోవలసిందే. నోరెత్తకుండా తిరగడమే మా వంశ మర్యాద. నేను అస్సలు నోరెత్తలేదు. ఆ అమ్మాయి నన్ను మురిపెంగా చూసి, నూనె కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టింది. ఆ రోజు నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

పెట్టె విప్పేసరికి ఎక్కడున్నాననుకున్నారు? విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో. ఓరి భగవంతుడా! దుమ్మంటే గిట్టని దాన్ని తీసుకొచ్చి గోనె నూగు మంచులా కురిసే చోట పడేశారు. గోడల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా నూగే. చప్పుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. నారని దారంగా వడికే మిషన్లు వరసలు వరసలుగా ఒక్కసారిగా మోగుతుంటే, పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు. చేతులతో మాట్లాడుకుంటారు, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. రెండు వేళ్ళు నోటి దగ్గర పెడితే టీ. చిటికెన వేలితో గాలిలో సున్నా చుడితే దారం తెగిందని. గుప్పిట తిప్పి విదిలిస్తే సూపర్వైజరు వస్తున్నాడు, జాగ్రత్త అని. చూడముచ్చటగా ఉండేది.

నన్ను బిగించింది దాలినాయుడు. మిల్లులో పెద్ద ఫిట్టరు. చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు నాకు గ్రీజు రాసి, నన్ను ఇరుసుకి ఎక్కించి, ఇనప గూట్లో కూర్చోబెట్టి మూత వేశాడు. అతనికొక అలవాటు. రోజూ డ్యూటీ ఎక్కగానే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన నా గూటికి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకునేవాడు. ఆ ఇనప కడ్డీ వెంట నా చప్పుడు అతని చెవిలోకి పోయేది. గ్రీజు తక్కువైతే చెప్పేసేవాడు. గుళ్ళకి గీత పడితే చెప్పేసేవాడు. పక్క ఊరి రైసుమిల్లువాళ్ళు కూడా కబురు పెట్టి తీసుకెళ్ళేవాళ్ళు. "నాయుడు బావ సెవెడితే మిషను నిజం సెప్పీసి తీరాల" అనేవాళ్ళు తోటివాళ్ళు. ఆ మాటకి అతని మీసం ఒక పక్క లేచేది.

నేనున్న మిషను మీద దారం చూసుకునేది అతని భార్య బంగారమ్మ. ఒకే షెడ్డులో మొగుడూ పెళ్ళాం. ఇద్దరూ చేతులతోనే పోట్లాడుకునేవాళ్ళు, చేతులతోనే సర్దుకునేవాళ్ళు. ఆమె వేళ్ళు ఎంత చురుగ్గా ఉండేవో! తెగిన పోగు అందుకుని ముడేసి వదిలేలోపే మొగుడికి ఒక చీవాటు కూడా పెట్టేసేది.

అలా కొన్నేళ్ళు హాయిగా నడిచింది. తరవాత ఒకటి గమనించాను. స్క్రూడ్రైవరు ఆనిస్తున్నాడు, కళ్ళు మూస్తున్నాడు, కానీ చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: "బాగున్నాది." గ్రీజు ఎండిపోయి నేను గరగరమంటున్నా "బాగున్నాది". ఆ మిల్లు చప్పుడు అతని చెవుల్ని మెల్లమెల్లగా తినేసింది. ఆ షెడ్డులో చెవులున్నవాడికీ లేనివాడికీ తేడా ఏముంటుంది? అందరూ పెదాలు చూసేవాళ్ళే. అందుకే ఎవరికీ తెలియలేదు. బంగారమ్మకి తెలుసు. ఇంట్లో కూడా ఎదురుగా నిలబడే మాట్లాడేది. అంతకుముందు ఇంకో ఫిట్టరుకి ఇలాగే అయితే యార్డులో చీపురు ఇచ్చి కూర్చోబెట్టారు. పోతూ వస్తూ ప్రతివాడూ "చెవిటోడా" అని పిలిచి నవ్వేవాడు. దాలినాయుడు ఆ బతుకు బతకలేడని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు.

ఆయుధ పూజ వచ్చింది. ఏడాదికోసారి మిల్లు మొత్తం నోరు మూసుకునే రోజు అది. మిషన్లు కడిగి, బంతిపూల దండలు వేసి, నిమ్మకాయలు కట్టి, బొట్లు పెడతారు. మిగతావాళ్ళు మూతల మీద బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. దాలినాయుడు అలా ఒప్పుకోడు. "మూత మీద ఎడితే మూతకి పూజ. బేరింగుకెలాగ అందుతాది?" అంటాడు. ఏటా నా మూత తీసి, మొహం తుడిచి, తడి గంధం వేలికి అంటించుకుని నా పై కడియం మీద ఒక్క చుక్క పెట్టి, పూజ కాగానే తుడిచేసేవాడు. ఉక్కుని కూడా మనిషిలా చూసే ఆ పిచ్చి నాకిష్టం. ఆ రోజూ మూత తీసి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్కనే బంగారమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వంగింది.

వెనక నుంచి మేనేజరు పిలిచాడు. "నాయుడూ!"

చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం. షెడ్డంతా తిరిగి చూసింది. దాలినాయుడు తిరగలేదు. మేనేజరు ఇంకా గట్టిగా పిలిచాడు. అతను తీరుబడిగా నన్ను తుడుస్తూనే ఉన్నాడు. బంగారమ్మ గభాలున మొగుడి చొక్కా పట్టి లాగింది. ఆ కంగారులో చేతిలో భరిణె ఒరిగి కుంకుమంతా నా గుళ్ళ మధ్యన పడింది.

అతను తిరిగి, మేనేజరుని చూసి, లేచి చేతులు కట్టుకున్నాడు. "మంతరం సదువుకుంటన్నాను బాబూ, మద్దిలో పలకకూడదు" అన్నాడు. మేనేజరు నవ్వేశాడు. అందరూ నవ్వారు.  అతను చటుక్కున కూర్చుని, పైకి కనపడిన కుంకుమ తుడిచి, కాస్త గ్రీజు పెట్టి, హడావిడిగా మూత బిగించేశాడు. నన్ను విప్పి కడిగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ నలుగురి ముందు ఇంకొక్క క్షణం నిలబడే ధైర్యం పాపం అతనికి లేకపోయింది.

బజారు కుంకుమలో ఏం కలుపుతారో ఆ అమ్మవారికే తెలియాలి. ఇసుకలా గరుకు. మర్నాడు మిషను తిరగడం మొదలయ్యాక ఒక్కో రవ్వా నా గుళ్ళని గీరడం మొదలెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ గట్టిగా నోరెత్తని దాన్ని, ఇక ఆపుకోలేక అరిచాను. సన్నగా, కీచుగా. రోజురోజుకీ ఎక్కువైంది. పొద్దున్నే దాలినాయుడు వచ్చి స్క్రూడ్రైవరు ఆనించేవాడు. కడ్డీ పొడుగునా నా ఏడుపంతా అతని చెవిలో పోసేదాన్ని. "నాయుడూ, చచ్చిపోతున్నాను, నన్ను మార్చరా నాయనా!" అతను కళ్ళు తెరిచి, నా గూటి మీద తట్టి, "బాగున్నాది. పాడతన్నాది" అనేవాడు.

నా అరుపు బంగారమ్మ చెవిన పడింది. అంత హోరులోనూ మిషను మీద వంగి పోగు అందుకునేప్పుడు వినపడేది. మొగుడికి చేత్తో చెప్పింది: దీన్ని తీసెయ్. అతను తల అడ్డంగా ఊపాడు. టీ వేళ బయట నిలబడి ఎదురుగా చెప్పింది.

"మార్చీకూడదేటి? కొత్తది స్టోర్లో ఉన్నాది కదా."

"ఎందుకు మార్చాల? నాను సెవెట్టి ఇన్నాను. బాగున్నాది."

"ఒక్కపాలి మూత తీసి సూడరాదా?"

అతని మొహం మాడిపోయింది. "ఏటే, నా సెవి మీద నీకు నమ్మకం నేదా?"

 నీకు వినపడదు అని ఒక్క మాట చెబితే నేను బతికేదాన్ని. ఆమె చెప్పలేదు. సూపర్వైజరుకి చెబుదామా అంటే ఫిట్టరు రోజూ విని ఏం చేస్తున్నాడని అడుగుతారు. "ఉన్నాది, ఉన్నాది. నాకు నమ్మకమే" అని చీర చెంగుతో మొగుడి మీసం మీది నూగు తుడిచింది. ఆ రోజు నుంచీ పని చేసుకుంటూ మధ్యమధ్య నా గూటి మీద చెయ్యి వేసి వేడి చూసేది. కాలిపోతుంటే తడి గోనె ముక్క కప్పేది. జ్వరమొచ్చిన బిడ్డకి వేసినట్టు తడిగుడ్డ వేసి నన్ను కాచుకుంటూ వచ్చింది ఆ పిచ్చితల్లి.

తడిగుడ్డతో ఆగే జ్వరమా అది? ఒక మధ్యాహ్నం నా గుళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గూటి చుట్టూ పేరుకున్న నూగు అంటుకుని పొగ లేచింది. నిప్పు అని అరిచినా ఎవరికి వినపడుతుంది అక్కడ? బంగారమ్మ తడి గోనె తీసుకుని కుడిచేత్తో నా మీద అదిమింది. సరిగ్గా అప్పుడే నా పై కడియం పగిలింది. ఇరుసు ఎగిరి గోనెని చుట్టుకుంది, గోనెతో పాటు ఆమె చేతినీ లాక్కుంది. ఆమె అరిచింది. నేనూ అరిచాను. దాలినాయుడు కూతవేటు దూరంలో మాకు వీపు తిప్పి ఇంకో మిషను బోల్టు బిగిస్తున్నాడు. ఎవరో పరిగెత్తుకెళ్ళి భుజం కుదిపితే తిరిగి చూశాడు.

బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలోవి పోయాయి.

మిల్లులో తప్పంతా నా మీద వేశారు. పెద్ద కంపెనీ పేరు చూసి మోసపోయాం, చప్పుడన్నా లేకుండా పగిలిపోయిందన్నారు. నా పుట్టింటి పేరు గోనె నూగులో కలిసిపోయింది. దాలినాయుడు మాత్రం విరిగిన నన్ను ఏరుకుని, కాలిన గ్రీజుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఎర్రగా అంటింది. గరుకుగా తగిలింది. పూజ రోజు ఒలికిన కుంకుమేనని పోల్చుకున్నాడు. తరవాత నన్ను రుమాల్లో కట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

బంగారమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి గుండె మీద ఉంది. అతను మంచం పక్కన కూర్చుని, రుమాలు విప్పి, నన్ను ఆమెకి చూపించాడు.

"ఓలె బంగారీ, నిజం సెప్పు. ఇది పగలకముందు అరిసిందా? నీకు ఇనపడిందా?"

ఆమె కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, మొగుణ్ణి చూసింది. నెల పొడుగునా నా కీచు గొంతు విన్నదామె ఒక్కతే. ఆవిడ ఒక్క ముక్క చెబితే నా పరువు నాకు దక్కుతుంది. చెప్పమ్మా అని నేను లోపల ఎంత బతిమాలుకున్నానో! ఆమె ఏదో చెప్పబోయి, అలవాటుగా కుడిచెయ్యి లేపింది. ఆ చేత్తో ఇక ఏం చెప్పగలదు? దింపేసి, అతనికి పెదాలు కనపడేలా మొహం తిప్పి, మెల్లగా అంది.

"నేదయ్యా. ఏటీ ఇనపడనేదు. నీ సెవికి దొరకనిది నాకు దొరుకుతాదేటి?"

అతను నన్ను మంచం మీద పెట్టేసి, ఆమె పాదాల దగ్గర తల ఆనించి ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో అతనికి తెలియలేదు. వార్డంతా లేచి కూర్చుని అటే చూసింది. బంగారమ్మ ఎడమచేత్తో అతని గడ్డం పట్టుకుని పైకెత్తి, ఆ చేతినే గాలిలో కిందికి ఊపుతూ నెమ్మది, నెమ్మది అని చూపించింది.