పీపాలో వచ్చిన బూట్లు

తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పబోయే మనిషి గౌనుకే షెర్నెట్ పొద్దున్నే ఇస్త్రీ చేస్తోంది. లేత నీలం చర్చి గౌను. కాలర్ దగ్గర చిన్న ముడత కనబడినా మిస్ ఐసీ ఊరుకోదు. "చేతులైతే ఉన్నాయి, పనే చేతకాదు" అని ఈ ఇంటికి వచ్చిన వారంలోనే అనిపించుకుంది షెర్నెట్. ఆవిడ కొడుకు ఆర్విల్ బర్మింగ్‌హామ్ వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయింది. షెర్నెట్ మాత్రం కూతురు తషేన్‌తో ఈ పెరటి గదిలోనే ఉండిపోయింది. పగలంతా హోటల్లో పక్కదుప్పట్లు మార్చడం, సాయంత్రం మిస్ ఐసీకి నీళ్ళు, వంట, కాళ్ళకి నూనె. చెయ్యమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఇలాంటి పనికి జీతం ఉండదు, కనీసం పేరైనా ఉండదు.

తషేన్ పోషణకి నెలనెలా డబ్బు పంపాలని ఇక్కడి మే పెన్ పట్టణం కోర్టు ఆర్విల్‌ని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని బర్మింగ్‌హామ్‌లో అమలు చెయ్యబోతే అతను అడ్డం తిరిగాడు. ఏటా క్రిస్మస్‌కి ఓడలో పీపా నిండా సామాను పంపుతున్నాననీ, పిల్లకి బట్టా బూటూ అన్నీ తనవేననీ, కావాలంటే తన తల్లిని అడగమనీ అన్నాడు. రుజువుగా కూతురి గొంతే వినిపించాడట. "నాన్నా, బూట్లు సరిగ్గా సరిపోయాయి. థాంక్యూ నాన్నా!" అతని తల్లి సాక్ష్యం తీసుకుని పంపమని అక్కడి కోర్టు ఇక్కడికి రాసింది.

ఆ మాటలు రికార్డు చేసినప్పుడు ఫోన్ పట్టుకున్నది షెర్నెట్టే. "గట్టిగా చెప్పు, నవ్వుతూ చెప్పు" అని నేర్పింది కూడా తనే. "నీకెంత చేసినా విశ్వాసం ఉండదు" అని ఆర్విల్ ఎప్పుడూ దెప్పేవాడు కదా, పిల్లకి ఆ మాట రాకూడదని ఆమె తాపత్రయం. పిల్లల చేత థాంక్స్ చెప్పించడం కూడా ఆడవాళ్ళ చాకిరీలో ఒకటి కాబోలు. మిస్ ఐసీ తలుపేసుకుని పీపా విప్పేది. కాసేపటికి బూట్లో, స్కూలు సంచో పట్టుకొచ్చి "ఇదిగోనే, మీ నాన్న పంపాడు" అనేది. మంచివన్నీ దాచుకుని మిగిలినవి పిల్ల మొహాన పడేస్తోందని షెర్నెట్ ఏళ్ళ తరబడి లోపల్లోపల కుమిలింది. ఇప్పుడు ఆ నోరే కొడుకు తరఫున మాట్లాడబోతోంది. కేసు పోతే తషేన్‌ని వచ్చే ఏడు హైస్కూలుకి ఎలా పంపాలో ఆమెకి తెలియదు.

షేర్ టాక్సీలో ఇద్దరూ ఒకరినొకరు ఒరుసుకునే కూర్చున్నారు. మిస్ ఐసీ దారంతా సణుగుతూనే ఉంది. "వేలికి పెళ్ళి ఉంగరం లేదు గానీ కోర్టుకి మాత్రం తయారైంది. మెల్లగా పోవయ్యా డ్రైవరూ, కోర్టుకి తీసుకెళ్తున్నావా, శ్మశానానికా?"

కోర్టులో బోనెక్కిన మిస్ ఐసీని చూస్తూ జడ్జి కళ్ళజోడు సర్దుకుంది. "పీపాలు వచ్చేవా అమ్మా?"

"ఏటా వచ్చేవి."

"ఏముండేవి?"

"నాకు బియ్యం, నూనె, సబ్బులు. వాడి పాత కోట్లు. ఈ ఎండల్లో కోట్లు ఎవరు తొడుక్కుంటారు జడ్జిగారూ?"

వెనక బెంచీల్లో నవ్వారు. మిస్ ఐసీ నవ్వలేదు.

"మరి పాపకి?"

మిస్ ఐసీ చేతిలోని రుమాలు నలిపింది. "పాపకేమీ లేదు. ఒక్క ఏడు కూడా లేదు. ఆ బూట్లు నేను కొన్నాను. శనివారం సంతలో మిరపకాయలూ పెండలం దుంపలూ అమ్మి కొన్నాను."

"మరి మీ అబ్బాయి పంపాడని ఎందుకు చెప్పారు?"

"పీపా వచ్చిందంటే చాలు, పిల్ల తలుపు అవతల నిలబడి ఉండేది. నీ తండ్రి నిన్ను మరిచిపోయాడని ఏ నోటితో చెప్పను? వాడిని కన్నది నేను. ఆ సిగ్గు కూడా నాదే కదా. అబద్ధం చెప్పాను. ఇవాళ బైబిల్ మీద చెయ్యి పెట్టి మళ్ళీ చెప్పలేను."

షెర్నెట్‌కి కళ్ళు మసకబారాయి. దొంగ అనుకున్న మనిషి ఇన్నేళ్ళూ తన బిడ్డ కాళ్ళకి కావలసింది మోసుకొచ్చింది, ఆ పేరు మాత్రం కొడుక్కి ఇచ్చేసింది. పైగా ఈరోజు ఆ కొడుకునే పోగొట్టుకోవడానికి సిద్ధపడి వచ్చింది. ఆమెకి ఒక్కసారిగా అందరి ముందూ వెళ్ళి ఆ ముసలి మెడ చుట్టూ చేతులు వెయ్యాలనిపించింది.

బయటికి రాగానే మిస్ ఐసీ "వాడికి ఫోన్ కలుపు. ఊళ్ళోవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలి" అంది. షెర్నెట్ కలిపి ఇచ్చింది. అవతల ఆర్విల్ కేకలు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. "నువ్వసలు నాకు తల్లివేనా?"

"నీకు తల్లినేరా. నీ పిల్లకి తండ్రిని కూడా ఇన్నాళ్ళూ నేనే. నాకు ఓపిక అయిపోయింది. ఆ పని ఇక నువ్వు చూసుకో."

ఆవిడ ఫోన్ తిరిగిచ్చింది. షెర్నెట్ ఫోనుతో పాటు ఆ చేతిని కూడా పట్టుకుంది.

"పిల్లకి మాత్రం చెప్పకు. బూట్లు వాళ్ళ నాన్నే పంపాడనుకోనీ. విన్నావా?"

ఈ ఇంట అడుగుపెట్టినప్పటి నుంచి ఆవిడ చెప్పిన ప్రతి మాటా, తిట్టుకుంటూ అయినా సరే, వింటూనే ఉంది షెర్నెట్.

"ఇదొక్కటి వినను, మిస్ ఐసీ. చెప్తాను."