హేమ కాళ్ల దగ్గరి చోటు

కొత్త సామాన్లు బిగించిన రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ సరిగ్గా పడుతున్నారు, గౌరీశ్వరి ఒక్కతే పట్టడం లేదు.

ఆమె లావెక్కలేదు. ఇల్లూ చిన్నదవలేదు. గాజువాకలో మూడో అంతస్తులో ఒక హాలు, ఒక వంటగది. నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. కాకపోతే ఇప్పుడు అందులోని చోటంతా ఎవరిది వాళ్లకు పంచేసి ఉంది. భర్త సన్యాసిరావుది గోడలోంచి దిగే మంచం. అత్తగారు సూరీడమ్మది దీవాన్, దాని కడుపులో దుప్పట్లూ పచ్చడి జాడీలూ. కూతురు హేమది కిటికీ పక్క మంచం, దాన్ని పైకి లేపితే కింద చదువుకునే బల్ల తెరుచుకుంటుంది. వంట అయ్యాక వంటగదిని కూడా మడిచి గోడకు చేరుస్తారు. అన్నీ విప్పి పరిస్తే చీమ నడవడానికి సందుండదు. గౌరి కంచం పట్టుకుని హాల్లో అడుగు పెడితే హేమ బల్ల తెరుచుకోనంటుంది.

"కాస్త పక్కకి జరుగు గౌరీ," అంటాడు సన్యాసిరావు.

జరగడానికి చోటు లేక గౌరి గుమ్మంలోకి వెళ్లి నిలబడి తింటుంది.

ఇది ఎవరూ కావాలని చేసిన పని కాదు. కొలతలు తీసుకోవడానికి వడ్రంగి లోకనాథం వచ్చినప్పుడు గౌరి వంటింట్లో టీ పెడుతోంది. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. లోకనాథం గోడల్ని కాదు, మనుషుల్ని కొలుస్తాడు. సన్యాసిరావును పడుకోబెట్టి కొలిచాడు, కూర్చోబెట్టి కొలిచాడు, కోపం వస్తే చేతులు ఎంత దూరం పోతాయో అదీ కొలిచాడు. సూరీడమ్మ జపం చేసుకునే చోటు, అలిగి అటు తిరిగి పడుకునే చోటు విడివిడిగా తీసుకున్నాడు. హేమను నిలబెట్టి, ఉన్నంత కొలిచి, ఎదగబోయేది కూడా దానికి కలిపాడు. ఈలోగా గౌరి టీ తెచ్చింది. పంచదార ఎక్కువైందన్నాడు. ఆమె మళ్లీ పెట్టి తెచ్చేసరికి టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇంటి ఇల్లాలు లెక్కలోంచి జారిపోవడానికి రెండు గ్లాసుల టీ సరిపోయింది మరి.

గౌరి గుమ్మానికి ఆనుకుని నిలబడే నిద్రపోవడం నేర్చుకుంటుంది. పొద్దున్నే సూరీడమ్మ దీవాన్ మీద కాళ్లు చాపుకుని ఇల్లంతా కలయజూస్తుంది.

"ఎంత ఇసాలంగా ఉందే ఇల్లు! నువ్వేటి కోడలా, ఎప్పుడూ నిలబడే ఉంతావు? కూకోరాదా?"

"ఎక్కడ కూర్చోను అత్తా?"

"అదేటి, ఇంత ఇల్లుంటే!"

కొన్నాళ్లకు గౌరి మోకాళ్లు కనిపించడం మానేస్తాయి. తొడ నుంచి పాదం దాకా నున్నగా, ఎక్కడా మడత లేకుండా కాళ్లు దిగిపోతాయి. వాడుకోని వస్తువు ఇంట్లో దేనికని ఒళ్లే తీసేసినట్టుంది. ఇక లాభం లేదని ఆమె బస్సులో నిలబడి లోకనాథం కొట్టుకు వెళుతుంది.

అతను చెక్క పలక చిత్రిక పడుతూ తలెత్తుతాడు.

"మీ కొలత లేదమ్మా."

"నేను ఆ ఇంటి ఇల్లాలిని బాబూ."

"కాదన్నానేటి? మీరిచ్చిన టీ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. కొలతే లేదు."

"ఇప్పుడు తీసుకోండి."

లోకనాథం టేపు దులిపి ఆమెను తల నుంచి మడమ దాకా శ్రద్ధగా కొలుస్తాడు.

"కొలతయితే వచ్చింది. చోటెక్కణ్నించి తెమ్మంటారు? అందరికీ సరిగ్గా సరిపోయింది. ఎవరిదో ఒకరిది కొయ్యాలి. ఎవరిది కొయ్యమంటారు?"

గౌరి ఆలోచిస్తుంది. సన్యాసిరావు కోపం చోటు కోస్తే ఆ కోపం ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. అత్తగారి అలక చోటూ అంతే.

"ఎవరిదీ వద్దులెండి."

"అలాగైతే పాప మంచం ఉంది. కాళ్ల దగ్గర ఎదుగుదలకని ఒదిలిన ఖాళీ ఉంది గదా. ఆ ఎదుగుదల ఇంకా రాలేదు. రానిది ఎవరిదీ కాదు. అందాకా అందులో సర్దుకోండమ్మా."

గౌరికి ప్రాణం లేచొస్తుంది. ఇంత తేలికైన సంగతి తనకు తట్టనందుకు దారి పొడుగునా నవ్వుకుంటుంది.

ఆ రాత్రి నుంచి ఆమె హేమ పాదాల దగ్గర ముడుచుకుని పడుకుంటుంది. రాని మోకాళ్లు బతిమాలితే వస్తాయి.

"ఇరుగ్గా ఉందా అమ్మా?" అని అడుగుతుంది కూతుర్ని.

"లేదమ్మా. నువ్వుంటే నా కాళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలస్తంది."

ఆ ఖాళీ మెత్తగా, కొంచెం వెచ్చగా ఉంటుంది. పరుపుకు చెవి ఆనిస్తే లోపల చిన్నగా చప్పుళ్లు వినిపిస్తాయి. ఎవరో హేమను మేడమ్ అని పిలుస్తారు. ఒక రైలు వెళుతుంది. హేమ ఎవరితోనో గట్టిగా వాదించి నెగ్గుతుంది. ఒక పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంటుంది. కూతురికి ఇంత జీవితం ఉందని తెలిసి గౌరి ఆనందంతో కళ్లు తుడుచుకుంటుంది, ఆ చప్పుళ్ల మీదే ఒత్తిగిలి హాయిగా నిద్రపోతుంది.

హేమ ఎదగడం ఆగిపోతుంది.

బడి గౌను పొట్టి కాదు. గోళ్లు కత్తిరించే పని ఉండదు. ఊడిన ముందు పన్ను చోట కొత్తది రాదు. తోటి పిల్లలు పై తరగతులకు వెళతారు, మీసాలు పెంచుతారు, శుభలేఖలు పంచుతారు, తమ పిల్లల్ని తెచ్చి అదే బడిలో వేస్తారు. ఆ పిల్లల పక్కన హేమ అదే బెంచీ మీద కూర్చుని అదే ఎక్కం చదువుతుంటుంది.

"ఏటేటా కొత్త గౌను కుట్టించే పని తప్పింది," అంటాడు సన్యాసిరావు.

"ఆడపిల్ల తాడిచెట్టులా ఎదిగిపోయి ఏటి చెయ్యాల? ఉన్నీలే," అంటుంది సూరీడమ్మ.

ఎందుకు ఆగిందో గౌరికి తెలుసు. కూతురి ముందు తలెత్తుకోలేనంత సిగ్గుగా ఉంటుంది. రేపు లేచేద్దాం అనుకుంటుంది, ఈ ఒక్క రాత్రీ నడుం వాల్చి రేపు లేచేద్దాం అనుకుంటుంది. గుమ్మానికి ఆనుకుని నిద్రపోయిన మనిషికి పడుకోవడం ఎంత తీపో చెబితే అందరికీ అర్థమయ్యేది కాదు. ఒక్కోసారి, చెప్పుకోకూడదు గానీ, ఈ పిల్ల ఇలాగే ఉండిపోతే ఏం పోయిందని కూడా అనిపిస్తుంది. అలా అనిపించిన రోజు ఆమె అన్నం ముట్టదు.

ఒక పొద్దున హేమ లేచి కూర్చుంటుంది. నాలుకతో చిగురు తడుముకుంటుంది.

"అమ్మా, నా పన్ను మీద తొంగున్నావేటి నువ్వు?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పుస్తకం కనపడకపోతే అడిగినట్టే అడుగుతుంది. అయినా గౌరి వెంటనే దుప్పటి తోసేసి, నేల మీదికి దిగి నిలబడుతుంది. ఇక ఎప్పటికీ పడుకోకపోయినా ఫరవాలేదు, బిడ్డ ఎదిగితే చాలు.

అదిమిపెట్టిన పరుపు లేచినట్టు ఏళ్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

హేమ కాళ్లు మంచం చివరికంటా సాగుతాయి. గౌను భుజాల దగ్గర పిగులుతుంది. మేడమ్ అన్న పిలుపు ఒకసారి వినిపించి ఆగిపోతుంది. రైలు వెళ్లిపోతుంది. వాదనలో హేమ మొదలైన చోటే నెగ్గేస్తుంది. పసిబిడ్డ ఏడుపు గదిలోంచి కిటికీలోకి, కిటికీలోంచి బయటికి పోతుంది, వెనక్కి రాదు. పొయ్యి మీద కుక్కరు ఇంకా కూత వెయ్యనే లేదు.

"ఆగండి, ఆగండి," అంటూ గౌరి మళ్లీ పరుపు మీద పడి రెండు చేతులా అదమబోతుంది. అదమడానికి ఖాళీ లేదు. హేమ పాదాలు సరిగ్గా మంచం పట్టీని తాకుతున్నాయి. లోకనాథం కొలత తప్పడు.

మంచం మీద సూరీడమ్మ కన్నా పెద్ద ముసలమ్మ లేచి కూర్చుంటుంది. పొర కమ్మిన కళ్లతో గౌరిని చాలాసేపు చూస్తుంది.

"ఎవరు పాపా నువ్వు? నిలబడిపోయావేటి?"

"చోటు లేదు," అంటుంది గౌరి. గొంతు తనకే చిన్నగా వినిపిస్తుంది.

"నా ఒళ్లో ఉంది కదే. రా, తొంగో."

వెళ్లకూడదని గౌరికి తెలుసు. కాళ్లు వినవు. ఆ ఒడిని ఎవరూ కొలవలేదు కాబట్టి అందులో తల, చేతులు, పాదాలు అన్నీ పడతాయి. ముసలి చెయ్యి ఆమె వీపు మీద జోకొడుతుంది. దెబ్బ దెబ్బకూ హేమ ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. తను లేస్తే హేమలో మిగిలిన కాస్తా లేచిపోతుందని గౌరికి అర్థమవుతుంది. అందుకే ఆమె ఏడుపును కూడా కదలనివ్వకుండా తన బరువంతా వేసి పడుకుంటుంది.

హేమ జుట్టు మాత్రం పెరగడం ఆపదు. తెల్లగా మంచం దిగి, హాలంతా పరుచుకుని, మడమలు మునిగేదాకా వస్తుంది. సన్యాసిరావు ఒక కొస, సూరీడమ్మ ఒక కొస పట్టుకుని, దాన్ని ఉతికిన దుప్పటిలా దులిపి, నాలుగు మడతలు వేసి సొరుగుల్లో సర్దుతుంటారు.