రోజీ ఎక్కని విమానం

మా మనవరాలు రోజీ విమాన దళంలో చేరతానంటే, "మిలటరీయా?" అని భయపడ్డాను.

"మిలటరీ కాదు పిన్నిగారూ," అన్నాడు బాలశౌరి. బాలశౌరిది మా గుంటూరు వైపే. ఐర్లండ్‌లో మేముండే ఈ ములింగార్‌లో రొట్టెల లారీ నడుపుతాడు. ఆదివారం ప్రార్థనలో పరిచయమయ్యాడు. ఆ దళంలో ఎప్పటినుంచో ఉన్నాడు. "జీతం లేదు, తుపాకీ లేదు. ఎవరైనా సరస్సులో పడిపోయినా, ముసలివాళ్ళు దారి తప్పినా గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కబురు పెడతారు. మావాళ్ళు చిన్న విమానంలో పైకెళ్ళి వెతుకుతారు. శనివారాలు పిల్లలకు నేర్పిస్తాం."

"విమానం నువ్వే నడుపుతావా?"

"నేనా? విమానం దిగే గడ్డిలోకి గొర్రెలు రాకుండా తోలుతాను."

రోజీ పొట్ట పట్టుకుని నవ్వింది. మార్చి నుంచి ఆ ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదు. నా కూతురు లలిత ఆసుపత్రిలో నర్సు, కరోనా వార్డులో పని. ఇంటికి రాగానే పెరటి షెడ్డులో బట్టలు మార్చుకుని, స్నానం చేసి, తన గదిలో ఒక్కతే తినేది. అల్లుడు కువైట్‌లో చిక్కుబడిపోయాడు. మా ఆయన పోయాక లలిత నన్ను ఇక్కడికి తెచ్చుకుంది గానీ, ఆ ఏడు ముగ్గురం మూడు గదుల్లో బతికాం. బడి మూసేశాక రోజీ స్నేహితులు రావడం మానేశారు. నర్సు కూతురని వాళ్ళ అమ్మలే వద్దన్నారట.

అందుకే లలిత ఒప్పుకుంది. జులై నుంచి ప్రతి శనివారం రోజీ ఆ మైదానానికి వెళ్ళింది. నేనూ వెళ్ళి కుర్చీ వేసుకుని దూరంగా కూర్చునేదాన్ని. పదిహేనేళ్ళ పిల్ల పటం గడ్డి మీద పరిచి, ఏ గీత రోడ్డో, ఏ మచ్చ సరస్సో చెబుతుంటే మా ఇంటి పిల్లేనా అనిపించేది. ఒకసారి విమానమెక్కి, కింద పొలంలో పరిచిన నారింజరంగు గుడ్డను పైనుంచి కనిపెడితేనే టోపీకి బిళ్ళ ఇస్తారు. అప్పటిదాకా దళంలో లెక్కకు రారు. రోజీ ఆ బిళ్ళ కోసం బతికింది. అన్నం తింటూ కూడా దాని సంగతే.

అక్టోబరు మొదట్లో బాలశౌరి వచ్చి గేటు బయటే నిలబడి లలితను పిలిచాడు.

"నన్ను తప్పుగా అనుకోవద్దు చెల్లెమ్మా. రోజీని విమానం ఎక్కించడానికి వీల్లేదంటున్నారు."

"ఎవరు?"

"బ్రెన్నన్ గారే. ఆయనే పైలట్టు, విమానమూ ఆయనదే. అందులో ఇద్దరికే చోటు, భుజం భుజం రాసుకుంటుంది. డెబ్బైకి దగ్గరపడ్డాడు. భార్యకు ఊపిరితిత్తుల జబ్బు. నువ్వేమో ఆ వార్డులో..."

"నువ్వు లారీ వేసుకుని ఊరూరా తిరగట్లేదా అన్నయ్యా? నీకు లేదా ఆ రూలు?"

"నేను గొర్రెలతో ఉంటాను కదమ్మా."

లలిత నవ్వలేదు. రోజీ మెట్ల మీద నిలబడి అంతా వింది. పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. లలిత బాలశౌరి వైపు తిరిగింది.

"నేను రెండు వారాలు వేరే ఉంటాను," అంది. "అప్పుడు ఎక్కిస్తారా? అడుగు."

ఎక్కిస్తామన్నారు. తోటి నర్సు ఇంట్లో ఒక చిన్న గది ఖాళీగా ఉంటే లలిత అక్కడికి మారింది. మంచం వేస్తే నిలబడటానికి చోటు లేని గది. నేను గొణిగితే, "దానికి ఒక్క సంతోషమైనా ఉండనీ అమ్మా," అంది.

రోజూ సాయంత్రం నేనూ రోజీ కూర డబ్బా తీసుకెళ్ళి గోడ మీద పెట్టి, రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడేవాళ్ళం. లలిత బయటికి వచ్చి డబ్బా తీసుకునేది. అక్కడినుంచే కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కొక్క రోజూ రోజీ ముఖం విప్పారుతుంటే, పోనీలే, ఎలాగో గడిచిపోతుంది అనుకున్నాను.

విమానమెక్కే శనివారానికి ముందు గురువారం లలిత వచ్చింది గానీ డబ్బా ముట్టుకోలేదు. గడప ముందు మెట్టు మీద కూలబడింది.

"ఒక రైతు పోయాడమ్మా. పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకున్నాను. కొడుకు మాట్లాడుతున్నాడు. 'నాన్నకు వినపడుతోందా?' అని అడిగాడు. వినపడుతోందని చెప్పాను. అప్పటికే పోయాడమ్మా."

అంతే, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అంత పెద్దగా ఏడవడం వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

రోజీ రోడ్డు దాటింది. "రావద్దు! అక్కడే ఉండు!" అని లలిత అరుస్తూనే ఉంది, ఈ పిల్ల వెళ్ళి మెట్టు మీద కూర్చుని అమ్మను వాటేసుకుంది. లలిత చేతులు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి. తర్వాత అవీ బిడ్డను చుట్టుకున్నాయి.

తేరుకున్నాక బిడ్డను దూరంగా తోసింది. "ఎవరికీ చెప్పకు. వినపడిందా? శనివారం అడిగితే లేదని చెప్పు. మొన్ననే టెస్టు చేశారు, నాకేం లేదు."

రోజీ తలూపింది.

శనివారం ఎండ కాసింది. బ్రెన్నన్ మాస్కు పెట్టుకుని విమానం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కబోయే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు: ఈ రెండు వారాల్లో రోగుల దగ్గర పనిచేసేవాళ్ళకు దగ్గరగా వెళ్ళావా? నేను నేల చూశాను. లేదంటుందనే అనుకున్నాను. అనాలనే కోరుకున్నాను.

"మా అమ్మ దగ్గరికి వెళ్ళాను," అంది రోజీ. "గురువారం. వాటేసుకున్నాను."

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. కోప్పడలేదు. చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ఇంకో రెండు వారాలు ఆగమన్నాడు, ఈసారి మొదట నువ్వే అన్నాడు. తర్వాతి పిల్లవాడి పేరు పిలిచారు. రోజీ నా పక్కకు వచ్చి నిలబడి, ఆ విమానం లేచి, తిరిగి, దిగేదాకా చూసింది.

కారు దగ్గర బాలశౌరి నా చెవిలో, "అరగంట పనికి ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది పిన్నిగారూ?" అన్నాడు.

"ఆ మాట దానితో అను, చూద్దాం."

అతను గొర్రెల వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే లలిత సంచీ పట్టుకుని ఇంటికి వచ్చేసింది. "చెప్పొద్దన్నానా లేదా? మరి నేనెందుకే ఆ గదిలో కుక్కలా పడి ఉన్నాను? ఎవరి కోసం?"

రోజీ ఎప్పటిలాగే ఇంగ్లీషులో జవాబిచ్చింది. బ్రెన్నన్ వాళ్ళావిడకు ఊపిరి ఆడదు మమ్, అంది.

రోజంతా ఊపిరి ఆడనివాళ్ళ పక్కన ఉండే మనిషి లలిత. సంచీ అక్కడే వదిలేసి షెడ్డులోకి పోయింది.

ఆ రెండు వారాలు పూర్తి కాకుండానే మళ్ళీ దేశమంతా మూసేశారు. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. మైదానం అంతకన్నా దూరం. క్రిస్మస్ తర్వాత ఆసుపత్రి నిండిపోయింది. లలిత ఇంటికి వస్తే తిని పడుకోవడం, లేస్తే డ్యూటీ. తల్లీకూతుళ్ళ మధ్య కూర బాగుందా, బట్టలు ఆరాయా అన్న మాటలే మిగిలాయి. బ్రెన్నన్ ఆ చలికాలంలోనే విమానం అమ్మేశాడు. ఇంకొకటి ఎవరి దగ్గరా లేదు. వసంతకాలంలో దళాన్ని ఎత్తేశారు.

యూనిఫారాలు తీసుకెళ్ళడానికి బాలశౌరి వచ్చాడు. రోజీ ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చింది. "ఇక గొర్రెలకు నా మీద బెంగ పట్టుకుంటుంది," అన్నాడు. రోజీ నవ్వలేదు. తిరిగివ్వాల్సిన బూట్లు తుడవడానికి గుమ్మం మెట్ల మీద కూర్చుంది.

డ్యూటీకి బయల్దేరుతున్న లలిత ఆగింది. "అన్నయ్యా, ఇవన్నీ తగ్గాక పిల్లల్ని ఎక్కించేవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటారా? డబ్లిన్ వైపైనా?"

"కనుక్కుంటా చెల్లెమ్మా."

"వద్దు మమ్," అంది రోజీ.

"ఎందుకే? నీకు ప్రాణం కదా."

రోజీ బూటు తుడుస్తూనే, మొదటిసారి తెలుగులో, తడుముకుంటూ చెప్పింది. "విమానం అనుకుంటే నువ్వు ఏడవడమే కనిపిస్తుంది నాకు. ఇంకేం కనిపించదు."

కోపంగా అంటే బాగుండేది. చాలా మామూలుగా అంది.

లలిత గేటు దగ్గరికి వెళ్ళి జేబులోంచి మాస్కు తీసింది. తాడు చెవికి తగిలించబోతే జారిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. బాలశౌరి తల తిప్పుకున్నాడు. రోజీ తలెత్తి చూసింది. లేచి అమ్మ దగ్గరికి వెళ్తుందనుకున్నాను. రెండో బూటు చేతిలోకి తీసుకుంది.