పిట్టలు ఎత్తుకెళ్లిన పేరు

తిరుమలగిరిలో జెరూషా టీచర్‌కి పొద్దు పెరట్లోనే మొదలయ్యేది. టీ కప్పు పట్టుకుని వెనక మెట్టు మీద కదలకుండా కూర్చునేది. ముందు పిగిలిపిట్టల జంట జామచెట్టు మీద వాలేది. ఆ వెనకే గోరింకలు పోట్లాడుకుంటూ నీళ్ల పళ్లెంలో స్నానానికి దిగేవి. తేనెపిట్ట మందారంలో ముక్కు దూర్చిందంటే టీ చల్లారిపోవాల్సిందే. రిటైరయ్యాక నాలుగేళ్లుగా ఇదే ఆమె సంతోషం.

పక్కింటి రామభద్రరావు కొత్త కారు కొన్నాడు. దాని మీద రెట్టలు పడ్డాయి.

ఆ ఆదివారం జెరూషా, భర్త డేవిడ్ రాజు చర్చి నుంచి వచ్చేసరికి జామచెట్టు కింద పదమూడు పిట్టలు చచ్చిపడి ఉన్నాయి. గోడ మీద మందు కలిపిన నూకలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"ఎలకలకి పెట్టానండీ," అన్నాడు రామభద్రరావు అవతల నుంచి. "మీ పిట్టలు తింటే నేనేం చేసేది? నన్ను కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంట్ కానివ్వండి, ఈ వీధిలో చెట్టన్నది ఉంచను. పార్కింగ్‌కి చోటు దొరుకుతుంది, ఈ గోలా వదులుతుంది."

డేవిడ్ రాజు గుంట తవ్వాడు. "పోనియ్ జెరూషా. క్షమించమనే కదా ప్రభువు చెప్పింది."

"ఆయన క్షమిస్తాడేమో. నేను క్షమించను."

ఆమె అరచేతిలో తేనెపిట్ట ఉంది. అగ్గిపెట్టెంత బరువు కూడా లేదు. బతికిన పిట్టలు గోడ మీద వచ్చి కూర్చున్నాయి. జెరూషా వాటి దగ్గరకెళ్లి మెల్లగా చెప్పింది.

"వాడి పేరు తీసుకుపోండి."

మర్నాడు పిగిలిపిట్ట పక్కింటి గేటు పలక మీది 'భ'ను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అదే పొద్దున ఆయన ఆధార్ కార్డులోనూ, జనం నోళ్లలోనూ ఆ అక్షరం మాయమైంది. తర్వాత 'ద్ర'ను గోరింక ఎత్తుకెళ్లింది. ఆ తర్వాత 'మ' పోయింది. ఎవరూ వింతపడలేదు. పోస్ట్‌మన్ మిగిలిన అక్షరాలు చూసుకుని ఉత్తరాలు ఇచ్చిపోయేవాడు.

'వు' కూడా పోయిన రోజు వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి కేకేశాడు. "రారా! పార్సిల్ వచ్చింది!"

"ఏంట్రా ఆ పిలుపు?"

"గంతే మిగిలింది గద సార్. నేనేం జెయ్య?"

జెరూషా మెట్టు మీద కూర్చుని అదంతా చూసింది. పిట్టల్ని చూసినంత ఓపిగ్గా, రెప్ప వాల్చకుండా చూసింది. ఆ రోజు టీ వేడివేడిగా తాగింది.

అసోసియేషన్ ఎన్నికల నాటికి ఆ మిగిలిన రెండక్షరాలూ లేవు. ఓటు చీటీలో ఆయన వరస ఖాళీగా ఉంది. జనం చేసేదేం లేక రెండో అభ్యర్థికే ఓటేశారు. చెట్ల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం పక్కింటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు.

"టీచర్‌గారూ, మా అమ్మకి ఫోన్ చేస్తే 'ఎవరు బాబూ' అంటోంది. మీకొక్కరికే నా పేరు గుర్తుందని డేవిడ్ రాజుగారు చెప్పారు. ఒక్కసారి నోరారా పిలవండి. మీరు పిలిస్తే తిరిగొస్తుంది."

వెనక గదిలోంచి డేవిడ్ రాజు ఆమె వంకే చూస్తున్నాడు. జెరూషాకి ఆ పేరు మొత్తం నాలుక చివరికి వచ్చింది, ఒక్క అక్షరం పోకుండా.

"గుర్తుంది," అంది.

తలుపు వేసి, గడియ పెట్టింది.