ఒలివెట్ మడమ

నోట్లో మేకులు పెట్టుకుని బతికినవాడికి మాటలు తక్కువ. ఫ్యాక్టరీలో నా పని అదే. కర్రతో చెక్కిన పాదం మీద పైతోలు లాగి పట్టాలి, నోట్లోంచి ఒక్కో మేకూ తీసి కొట్టాలి. మాట్లాడితే మేకు గొంతులో పడుతుంది. అందుకని చూడటమే అలవాటైంది. ఈ కథ చెప్పమంటే ఒలివెట్ నవ్వేసి ఊరుకుంటుంది. నాకు వచ్చిన మూడు ముక్కల్లో నేనే రాస్తున్నాను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నది పక్కన మా ఊరు. ఈ ఒడ్డున కెనడాలోని కెబెక్ నుంచి వచ్చిన మేము, అవతల గుట్ట మీద ఓనర్లు. ఫేరర్ గారి ఫ్యాక్టరీలో ఆయన తాతగారి రోజుల నుంచీ నర్సుల బూట్లే చేసేవాళ్ళం. తెల్లటివి, మెత్తటివి, నడిస్తే చప్పుడు కానివి. మగవాడి కాలికి మేం ఏనాడూ బూటు కుట్టి ఎరగం.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త రకం ఏది మొదలుపెట్టినా మొదటి జత ఒలివెట్ కాలి కొలతకి చేసేవాళ్ళం. ఒలివెట్ నా చెల్లెలి కూతురు, కుట్టుమిషన్ల గదిలో పని. ఆ జత తొడుక్కుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. బాగుందంటే దాన్నే పెంచీ తగ్గించీ మిగతా కొలతలు కోసేవాళ్ళు. బాగాలేదంటే కర్రపాదం మళ్ళీ చెక్కాల్సిందే. ఆమెకి ముందు ఆ నడక వాళ్ళమ్మది. తల్లి పాదమే పిల్లకి వచ్చింది. "ఆస్తి ఏమీ ఇవ్వకపోయినా పాదం ఇచ్చి పోయిందిరా తల్లి" అని అందరూ నవ్వేవాళ్ళు.

ఒలివెట్‌కి ఇంకో అలవాటు కూడా ఉండేది. ఒకరోజు పొద్దున బస్సు తప్పిపోతే పనికి పరిగెత్తుకొచ్చింది. అది బాగుందట. ఆ తర్వాత బస్సు ఎక్కడం మానేసింది. ఇద్దరు పిల్లల తల్లి, తమ్ముడి బూట్లలో ఉన్ని కూరుకుని, జుట్టు రుమాలుతో కట్టుకుని నది గట్టున పరిగెత్తుకుంటూ వచ్చేది. మంగలి కొట్టు ముందు కూర్చున్నవాళ్ళకి అదో వేడుక.

"ఎవరు తరుముతున్నారే ఒలివెట్? మొగుడా, కుక్కా?"

"మొగుడైతే ఈపాటికి ఆయాసమొచ్చి కూలబడేవాడు బాబాయ్. కుక్కే!"

ఆ రోజుల్లోనే విదేశాల నుంచి చౌక బూట్లు దిగాయి. నర్సులు వాటికే మళ్ళారు. నది అవతల ఒక ఫ్యాక్టరీ మూతపడి కుర్చీలూ బల్లలూ దాచే కొట్టం అయిపోయింది. ఇంకో దాని గుమ్మంలో గడ్డి మొలిచింది. వసంతం రాగానే ఫేరర్ గారు మమ్మల్నందరినీ పోగు చేశారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆయన మా ముందు టోపీ తియ్యడం నేను చూడ్డం అదే మొదలు.

"జూన్‌లో సెయింట్ జాన్ పండక్కి మామూలుగానే సెలవులు ఇస్తాను" అన్నారు. "సెలవులయ్యాక తలుపులు తెరుస్తానో లేదో చెప్పలేను."

ఒక్క దారి మాత్రం ఉందన్నారు. దేశంలో జనానికి పరుగు పిచ్చి పట్టింది. బోస్టన్‌లో క్రౌలీ అని పెద్ద వ్యాపారి, పరుగు బూట్లకి కొత్త ఫ్యాక్టరీ వెతుకుతున్నాడు. పండగ రోజున మా ఊరి పందెం చూడ్డానికి వస్తాడు. మా బూట్లు నచ్చితే ఏడాదికి సరిపడా పని. నచ్చకపోతే తాళమే.

మా మేస్త్రీ టెలెస్ఫోర్ బల్ల మీదికెక్కాడు. మంచులో కూరుకుపోకుండా కాళ్ళకి కట్టుకునే మంచుచెప్పుల క్లబ్బుకి పెద్ద కూడా ఆయనే. చలికాలం మంచు మీదా, పండక్కి రోడ్డు మీదా పందాలు పెట్టేది ఆ క్లబ్బే.

"మనవాళ్ళు మోకాలి లోతు మంచులో పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి రోడ్డు ఒక లెక్కా? అందరికీ మన బూట్లే తొడుగుదాం. ఆ బోస్టన్ పెద్దమనిషి నోరెళ్ళబెట్టి చూడాలి!"

అందరూ చప్పట్లు కొట్టారు.

పని మొదలైంది. నీలం గుడ్డ, పక్కన తెల్లతోలుతో ఒక రెక్క. ఫ్యాక్టరీ చూరు కింద ఏటా వాన కోయిలలు గూళ్ళు కట్టేవి, ఆ రెక్క వాటిది. గీసింది ఒలివెట్టే. అడుగున మెత్తటి రబ్బరు. ఆనవాయితీ ప్రకారం మొదటి జత ఆమె కాలికే. నేనే లాగి బిగించాను. తొడుక్కుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఆ చివర ఆగలేదు. తలుపు తోసుకుని బయటికి పోయింది.

"ఇదెక్కడికే!" అని మేస్త్రీ అరిచాడు.

కాసేపటికి వగరుస్తూ తిరిగొచ్చింది. మొహం ఎర్రగా వెలిగిపోతోంది. నా బల్ల దగ్గరికొచ్చి వంగి చెప్పింది.

"మామయ్యా, మడమ జారడం లేదు. అసలు కాలికి ఏదో తొడిగినట్టే లేదు."

నేను తలూపాను. నోట్లో మేకులున్నాయి.

"బాగుందంది కదా, కానివ్వండి" అన్నాడు మేస్త్రీ. ఆ కొలతనే పెంచి మగవాళ్ళకి కోశాం. నర్సుల బూట్లు అలాగే పెంచేవాళ్ళం, వీటినీ అలాగే పెంచాం. ఆడవాళ్ళ మడమ సన్నం, మగాడి మడమ వెడల్పు. ఈ ముక్క ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఏనాడైనా మగాడికి బూటు కుట్టి ఉంటే కదా! క్లబ్బువాళ్ళు వచ్చి తొడుక్కుని గదిలో నడిచారు. బిగువు ప్రతివాడికీ తెలిసింది. తన కాలే వంకర కాబోలని ప్రతివాడూ నోరు మూసుకున్నాడు.

పండగ రోజు మబ్బు పట్టింది. చర్చిలో పూజ అయింది. గొర్రెపిల్లని వెంటబెట్టుకుని బాల సెయింట్ జాన్ వేషం కట్టిన పిల్లవాడి ఊరేగింపు వెళ్ళిపోయింది. వంతెన దగ్గర క్లబ్బువాళ్ళు ఎర్ర నడికట్లు బిగించుకుని వరసగా నిలబడ్డారు. అందరి కాళ్ళకీ నీలం బూట్లు. క్రౌలీ కారులోంచి దిగాడు. పొట్టి మనిషి, వాన కోటు. ఫేరర్ గారు పక్కన నిలబడి టోపీ అంచు నలుపుతున్నారు.

ఒలివెట్ కూడా వచ్చింది. కాళ్ళకి ఆ మొదటి జత.

"అది నమూనా జత. ఫ్యాక్టరీ దాటి బయటికి రాకూడదు" అన్నాడు టెలెస్ఫోర్.

"ఫ్యాక్టరీయే మూతపడితే నమూనా ఎవరికి పెద్దయ్యా? ఎలకలకా?"

జనం ఘొల్లుమన్నారు. మేస్త్రీ మీసం మెలేశాడు. చివరికి "సరే. మగవాళ్ళు కనుమరుగయ్యాకే బయల్దేరాలి. ఇది క్లబ్బు పందెం" అన్నాడు.

"పోనీలే. దారి అడగడానికి ముందు ఎవరో ఒకరుంటారు" అంది.

తుపాకీ పేలింది. మేస్త్రీతో సహా మగవాళ్ళంతా సరస్సు వైపు దూసుకుపోయారు. సరస్సు దాకా పోయి మళ్ళీ వంతెన దగ్గరికే రావాలి, అదీ పందెం. మలుపు తిరిగి కనపడకుండా పోయాక ఒలివెట్ రుమాలు సరిచేసుకుని బయల్దేరింది.

ఆ తర్వాత జరిగింది నేను పాలబండి మీంచి చూశాను. సరస్సుకి పోయే దారిలో పాలవాడు నన్ను ఎక్కించుకున్నాడు. మొదట ఒకడు గట్టు మీద కూర్చుని కనిపించాడు. బూటు విప్పుతున్నాడు. ఆ పైన ఇద్దరు. ఇంకాస్త ముందు నలుగురు ఒకరి భుజం ఒకరు పట్టుకుని కుంటుతున్నారు.

"ఏంరా ఎడ్మీ, కాలు బెణికిందా?" అని పాలవాడు అడిగాడు.

"బెణకలేదు, ఏమీ లేదు! గులకరాయి!" అన్నాడు ఎడ్మీ. మేజోడు మడమ దగ్గర ఎర్రగా ఉంది.

అందరికీ గులకరాళ్ళే. సరస్సు దగ్గర మలుపులో సాక్షాత్తూ టెలెస్ఫోర్ ఒక బండ మీద కూర్చుని, రెండు బూట్లూ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు నీళ్ళలో ముంచి ఉన్నాడు. ఫ్యాక్టరీని తలుచుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలిసింది. అప్పుడే ఒలివెట్ వెనకనించి వచ్చింది. ఆగలేదు.

"చేపలు పడుతున్నాయా పెద్దయ్యా?" అని అరుస్తూ మలుపు తిరిగింది.

మేము అడ్డదారిన వంతెన దగ్గరికి ముందే చేరాం. సన్నగా వాన మొదలైంది. కుంటుతూ తిరిగొచ్చినవాళ్ళు అరుగుల మీద బూట్లు విప్పుకుంటున్నారు. క్రౌలీ ఒక బూటు తీసి చూశాడు, పక్కన పెట్టేశాడు. ఫేరర్ గారికి చెయ్యి అందించాడు.

"మీ పనితనం బాగుంది. కానీ వీటిని నేను అమ్మలేను" అన్నాడు.

కారు తలుపు మీద చెయ్యి వేశాడు. మా ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఫేరర్ గారు ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూస్తూ ఉండిపోయారు.

"వస్తోంది!" అని ఎవరో కేకేశారు.

వానలో, రోడ్డు మధ్యలో, ఒక్కతే. ముందు ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. రుమాలు ఎక్కడో పడిపోయింది, జుట్టు విరబోసుకుని ఉంది. అలిసిన పరుగు కాదు అది. చూరు కింద నుంచి ఎగిరిన పిట్టలా వంతెన ఎక్కింది. మంగలి కొట్టువాళ్ళు కుర్చీలెక్కి ఈలలు వేశారు. ఆమె మొగుడు పిల్లలిద్దరినీ రెండు భుజాల మీదకి ఎత్తుకున్నాడు. ఒలివెట్ గీత దాటి, ఇంకాస్త దూరం పోయి, తీరిగ్గా వెనక్కి తిరిగింది.

క్రౌలీ కారు తలుపు వదిలేశాడు. వచ్చి తడి రోడ్డు మీదే మోకాలు వేశాడు. ఆమె మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. వేలు దూరడానికి సందు లేదు.

"నొప్పి ఉందా?"

"లేదండీ. ఇంకోసారి సరస్సు దాకా పోయి రమ్మంటారా?"

"ఇది ఎవరి కొలత?"

"నాదే. అన్నీ నా కొలతతోనే చేస్తారు. అదే కదా వీళ్ళ ఖర్మ!" అని అరుగుల వైపు చెయ్యి చూపించింది.

క్రౌలీ పక్కన పెట్టేసిన బూటు మళ్ళీ తెప్పించాడు. ఆమె బూటు పక్కన పెట్టి చూశాడు. పగలబడి నవ్వాడు.

"ఫేరర్ గారూ, మగవాళ్ళ బూట్లు చేసేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం రోజూ నా కొట్టుకొచ్చి, మగపిల్లల బూట్లలో దూది కూరుకుని పోతున్నారు. నా భార్యతో సహా. మీ దగ్గర ఆడవాళ్ళ కర్రపాదాలు ఎన్ని ఉన్నాయి?"

"గోడల నిండా" అన్నారు ఫేరర్ గారు. టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నారు. "మా దగ్గర ఉన్నవన్నీ అవే."

జనం కేకలకి నది అవతల గుట్ట మీద కుక్కలు మొరిగాయి.

సాయంత్రం పండగ మంట దగ్గర మేస్త్రీ లేచాడు. కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు. గెలిచినవాళ్ళకి క్లబ్బు పెద్ద నడికట్టు కట్టాలని మా ఆచారం. ఆడదానికి ఎప్పుడూ కట్టలేదు. తన నడికట్టు విప్పి ఒలివెట్ నడుముకి కట్టాడు.

"నీ మడమే మమ్మల్ని చంపింది. నీ మడమే బతికించింది. ఇంకేమన్నా అనాలని ఉందా?"

"ఉంది పెద్దయ్యా. వచ్చే ఏడు మగవాళ్ళే వెనక నుంచి బయల్దేరాలి."

సెలవులయ్యాక ఫ్యాక్టరీ కూత కూసింది. తలుపులు తెరుచుకున్నాయి. మగవాళ్ళకి కోసిన కర్రపాదాలని మేస్త్రీ తన చేత్తోనే పొయ్యిలో పెట్టాడు. ఆ చలికాలం మూతపడ్డ ఫ్యాక్టరీల వాళ్ళని కూడా పనిలోకి పిలిచాం. గడ్డి మొలిచినదాని గుమ్మం శుభ్రం చేసి ఆ కట్టడం కూడా ఫేరర్ గారే తీసుకున్నారు. బూటుకి తన ఇంటి పేరు పెట్టుకోలేదు, పిట్ట పేరే పెట్టారు. రెక్క బొమ్మ ఒలివెట్ గీసినట్టే ఉంచారు.

ఇప్పుడు ఏ ఊరికి పోయినా పొద్దున్నే ఆడవాళ్ళు పరిగెత్తుతూ కనిపిస్తారు. నేను మొహాలు చూడను. రెక్క కనిపిస్తే మడమ చూస్తాను. జారదు.