నల్ల గిన్నెలో పట్టకారు చేప

మా ఆయన పేరు క్రైన్. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు కాబట్టి "మా ఆయన" అన్న మాటను అవసరం ఉన్నా లేకపోయినా వాడేస్తున్నాను. మొన్న కూరగాయల కొట్లో "మా ఆయనకి ఉల్లికాడలంటే ఇష్టం" అంటే, కొట్టతను "నేనడగలేదు కదమ్మా" అన్నాడు. అని, రెండు కాడలు ఎక్కువే వేశాడు.

క్రైన్ మా ఊరు యెర్సెకె రేవులో ఆల్చిప్పలు పట్టే పడవ మీద పనిచేస్తాడు. పొద్దంతా ఉప్పునీళ్ల మీద గడిపి వచ్చి, ఇంట్లో గాజుతొట్టి నిండా మళ్లీ ఉప్పునీళ్లే పెట్టుకున్నాడు. పెళ్లికి ముందే అందులో పగడాలు, ఒక జత ఎర్రచారల రొయ్యలు ఉండేవి. చేప మాత్రం లేదు. "చేపని ఇద్దరం కలిసి ఎంచుకోవాలి, మార్లూస్" అని అన్నాళ్లూ ఖాళీగా ఉంచాడు. ఆ మాట నాకు ఉంగరం కన్నా ఎక్కువ నచ్చింది.

మేం ఎంచుకున్నది పట్టకారు చేపని. ఒంటి నిండా నారింజ పట్టీలు, ముందుకు సాగిన సన్నటి మూతి. రాళ్ల సందుల్లోంచి పురుగుల్ని ఏరుకు తినడానికే ఆ మూతి. దాన్ని తొట్టిలో వదిలిన రోజు మేమిద్దరం అన్నం సంగతి మరిచి నేలమీద కూర్చుండిపోయాం. మా ఇంట్లోకి వచ్చిన మొదటి ప్రాణి కదా, "అది" అనడానికి నోరు రాక "ఆవిడ" అనడం మొదలుపెట్టాం.

ఆవిడ ఏమీ తినలేదు. ఏం వేసినా మూతి దగ్గరికి తెచ్చినట్టే తెచ్చి వెనక్కి తిరిగిపోయేది. వారం గడిచేసరికి నీళ్లు ధారగా పడే మూల దగ్గర నిలబడి ఎగశ్వాస తీస్తోంది. ఉన్నట్టుండి రాయికి ఒళ్లు రుద్దుకుంటోంది.

శనివారం పొద్దున్న క్రైన్ రాగి మందు సీసాతో వచ్చాడు. "తెల్లమచ్చల రోగం. తోక మీద చూడు, ఉప్పురవ్వలా ఉంది."

చూశాను. చూస్తుండగానే ఆ రవ్వ రాలి కిందపడింది.

"ఇసుక రేణువు, డాక్టరుగారూ."

"నవ్వకు. ఊపిరి చూడు ఎలా కొట్టుకుంటోందో."

నవ్వడం మానేసి ముక్కు అద్దానికి ఆనించాను. నాది చెవుల పరీక్షలు చేసే ఉద్యోగం. కుడిచెవి వేరు, ఎడమచెవి వేరు. రెండూ కలిపి ఎప్పుడూ చూడం. ఆ అలవాటు కొద్దీ ఒక వైపు చూసి, ఆవిడ తిరిగేదాకా ఆగి రెండో వైపు చూశాను.

"క్రైన్, ఎడమ మొప్ప మూతే కదులుతోంది. కుడిది బిగుసుకుపోయింది."

తను పక్కన చేరాడు. చాలాసేపు చూసి సీసా కింద పెట్టేశాడు. "మచ్చలు లేవు. ఒక మొప్ప మూసుకుపోయింది. రుద్దుకుంటోంది. లోపల పురుగులు పట్టినట్టున్నాయి. కంటికి కనబడనంత పల్చగా ఉంటాయి."

"మరి ఖాయం చేసుకోవడం ఎలా?"

"మంచినీళ్ల స్నానం. ఉప్పునీటి పురుగు మంచినీళ్లలో పాలిపోయి రాలిపోతుంది. చేప కాసేపు తట్టుకుంటుంది, మొప్ప మూత కదిలినంతసేపూ ఉంచాలి." సీసాని దూరంగా జరిపాడు. "ఓపికున్న చేప అయితే. పస్తులున్న చేప సంగతి నాకు తెలీదు."

"రాగి మందయితే?"

"మొప్పలే పాడైనదానికి అది పోస్తే మనమే చంపినట్టు."

ఏమీ చేయకపోయినా పోతుంది. క్రైన్ చెయ్యి పట్టుకుని, "స్నానమే చేయిద్దాం" అన్నాను.

రాలినవి కనబడాలంటే పాత్ర ముదురు రంగుది కావాలి. ఇంట్లో బకెట్లన్నీ తెల్లవి. ఉన్నదల్లా ఆల్చిప్పలు ఉడికించే నల్ల ఎనామిల్ గిన్నె; మా అత్తగారు పెళ్లికి ఇచ్చింది, ఇంకా పొయ్యి ఎక్కలేదు. అందులో మంచినీళ్లు పోసి తొట్టి నీళ్లంత వెచ్చగా చేశాం. నీటి గుణం సరిపోవడానికి వంటసోడా కలిపి, గాలిగొట్టం పెట్టి కాసేపు బుడగలు పోనిచ్చాం. క్రైన్ ఆవిడని జాగ్రత్తగా వలలోకి తీసుకుని గిన్నెలోకి జార్చాడు.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తీసుకుని మా అత్తగారు యాకొమీనా వచ్చారు, చేతిలో ఆల్చిప్పల సంచితో.

"అబ్బ, గిన్నె వాడకంలో పెట్టారే! ఏం వండుతున్నావమ్మాయ్?" అంటూ వంగి చూశారు. "ఇదేం చోద్యంరా! బతికున్నదాన్నే? పైగా పొయ్యి కూడా వెలిగించకుండా?"

"వంట కాదత్తయ్యా, వైద్యం."

"నా గిన్నెలోనా?"

"అమ్మా, కాసేపు ఊరుకో," అన్నాడు క్రైన్.

"మీ నాన్న కూడా ఇంతే. ముప్పై ఏళ్లు నన్ను ఊరుకోమని అని అని, ఆ ముచ్చట తీరకుండానే పోయాడు." అయినా సంచి కింద పెట్టి, ఎవరూ అడక్కుండానే టార్చి వెలిగించి గిన్నె మీద పట్టారు.

నీళ్లలో ఆవిడ పక్కకి ఒరిగింది. ఇంకాస్త ఒరిగి, గిన్నె అడుగున వాలిపోయింది, ఎండుటాకులా. క్రైన్ చెయ్యి నీళ్లలోకి వెళ్లింది. నేను తన మణికట్టు పట్టుకున్నాను.

"మార్లూస్, పోతోందే."

"మొప్ప మూత కదులుతోంది, చూడు. కదిలినంతసేపూ ఉంచాలని చెప్పింది నువ్వేగా."

"అప్పుడు వల చేతిలో లేదు!"

అత్తగారు టార్చి కదల్చకుండా, పెదవులతో ఏదో ప్రార్థన గొణుగుతున్నారు.

అప్పుడు గిన్నెలో ఆవిడ ఒక్కసారి దగ్గినట్టుగా ఒళ్లు విదిల్చింది. కుడి మొప్ప పక్కనుంచి తెల్లగా ఏదో రాలింది. బుడగేమో అనుకున్నాను. బుడగ పైకి పోవాలి, ఇది కిందికి దిగింది. వెనకే ఇంకొకటి, తర్వాత ఇంకొన్ని. నల్లటి అడుగు మీద నూక చల్లినట్టు పరుచుకున్నాయి.

"అవే! అవే పురుగులు!" క్రైన్ వల అందుకున్నాడు. "ఇక చాలు, తీసేస్తున్నా."

స్నానాల గదిలో బట్టలు నానబెట్టే తొట్టె అప్పటికే సిద్ధంగా ఉంది. నిండా ఉప్పునీళ్లు, వెచ్చగా ఉంచే కడ్డీ, దాక్కోవడానికి ఒక గొట్టం ముక్క. ఆవిడ అందులో కాసేపు ఒరిగే ఉండి, మెల్లగా నిటారుగా లేచింది. రాలినవి కొన్నే, లోపల ఇంకా ఉంటాయి. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే పురుగుల మందు ఎంత కలపాలో, మళ్లీ ఎప్పుడు కలపాలో చెప్పింది. గాజుతొట్టిలోకి మాత్రం కొన్ని వారాలు పంపొద్దంది. అక్కడ చేప లేకపోతే మిగిలిన పురుగులకి కూడు దొరకదు.

అత్తగారు ఆ రోజు ఆల్చిప్పల్ని మా పాత పప్పుగిన్నెలో ఉడికించారు. "ఆ నల్లది ఇక ఆస్పత్రి సామానే" అన్నారు. తినేముందు పచ్చి ఆల్చిప్ప ఒకటి చాకుతో తెరిచి, తొట్టెలో అడుగున పెట్టొచ్చారు. "రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో పోతామా?"

మా రోగి దానివంక కూడా చూడలేదు. సాయంత్రం తీసి పారేశాం. ఆదివారం చర్చికి వెళ్లేముందు కొత్తది తెరిచి పెట్టాం, అదీ అంతే. క్రైన్ రాత్రి అన్నం సగం వదిలేశాడు.

సోమవారం పొద్దున్న నన్ను లేపింది క్రైన్ గుసగుస. "మార్లూస్. రా. చప్పుడు చెయ్యకు."

స్నానాల గది నేల చల్లగా ఉంది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, తొట్టె అంచు మీంచి తొంగి చూశాం. మొప్పల మూతలు రెండూ ఆడుతున్నాయి, నెమ్మదిగా. పొద్దున్నే తెరిచిపెట్టిన ఆల్చిప్ప ముందు ఆవిడ తలకిందులుగా నిలబడి ఉంది. మూతిని సన్నగా లోపలికి పోనిచ్చి, చటుక్కున ఒక తునక లాగింది. మింగింది. మళ్లీ మూతి పెట్టింది.

క్రైన్ నా భుజంలో మొహం దాచుకున్నాడు. నా చొక్కా తడిసింది. తొట్టె నీళ్లే అంటే, నమ్మినట్టు ఊరుకున్నాను.

బయట రేవులో పడవ కూత వేసింది.

"వాళ్లు నీకోసమే ఆగారు," అన్నాను.

"ఆగనీ. ఆవిడ ఇంకొక్క ముక్క తిననీ, వెళ్తా."