కదలకుండ నిలబడాలె

శనివారం పొద్దుగాల రోజీ చారుకు పోపు వేస్తాంటే భర్త గిడియోన్ వెనుకనుంచి అన్నడు. "పిల్లలకు తేనెటీగలను చూపెట్టనీకి గూడ ఒక టీచరా? మస్తు చదువు చెప్తున్నరు మీ బడిల."

అత్త కృపమ్మ మంచం మీద పండుకొనే నవ్వింది. రోజీ అత్తకు మందుగోలి ఇచ్చింది. తుర్కపల్లి కంపెనీ క్యాబు నడిపే భర్తకు డ్రెస్సు ఇస్త్రీ చేసి, టిఫిను కట్టింది. తనకు కట్టుకునే టైము లేక ఉత్త చేతులతోని శామీర్‌పేట ఆటో ఎక్కింది.

బడి వెనక మునగచెట్ల కింద సత్తయ్య తేనెటీగల పెట్టె దించిండు. ఈగలను పెంచుడే ఆయన పని. రోజీ మూడో తరగతి పిల్లలను దూరంగ నిలబెట్టి, తలలకు రుమాళ్లు కట్టింది.

"కదలకుండ నిలబడాలె. చేతులు ఊపొద్దు. అరవొద్దు. అది వచ్చిపోయే దారికి అడ్డం పోవొద్దు. మీద వాలినా ఊకుండాలె, దానంతట అదే పోతది."

అవి సత్తయ్య రోజీని చెప్పుమన్న మాటలే. కానీ పెండ్లయినప్పటి సంది ఆమె ఇంట్ల చేస్తున్నది గూడ గిదే. భర్త బండి చప్పుడు వినంగనే అడుగు ఎట్ల పడుతాందో చెవిపెట్టి వినుడు. గిన్నెలు చప్పుడు కాకుండ కడుగుడు. తలుపుకాడి నుంచి పక్కకు జరుగుడు. ఎదురుమాట నోటిదాక వస్తే మింగుడు. ఊకుంటే దానంతట అదే పోతదనుకునుడు. పోలే ఎన్నడు.

సుమయ్య చెయ్యి లేపింది. "టీచర్, మనమేం చెయ్యకున్నా కుడ్తదా?"

"కుట్టదమ్మా," అన్నది రోజీ. తేనెటీగల గురించే అన్నది.

సత్తయ్య కొంచెం పొగపెట్టి, పెట్టెలకెళ్లి ఒక తేనెపట్టు పలక పైకి తీసిండు. పలక నిండ ఈగలే, ఒకదాని మీద ఒకటి పాకుతున్నయి. పిల్లల నోళ్లు తెరుచుకున్నయి.

"గిన్ని ఒక్క ఇంట్ల ఎట్లుంటయి తాతా?" తాహా అడిగిండు. "మా ఇంట్ల అయిదుగురికే రోజూ లొల్లి."

"పని చేసేటియన్నీ ఆడియే బిడ్డా. మొగయి తిని కూసుంటయి."

"మా మామ లెక్క!" అన్నడు తాహా.

పిల్లలు పడిపడి నవ్విండ్రు. రోజీ గూడ నవ్వింది. ఆ నవ్వుల తాహా రుమాలు ఊపిండు. బెదిరిన ఈగ ఒకటి వచ్చి రోజీ ముంగురులల్ల చిక్కింది, దారి దొరకక కంటి కింద కుట్టింది. ఆమె కదలలే. అరవలే. సత్తయ్య గోటితోని ముల్లు గీకి తీసిండు.

"ఇగ అది బతకదమ్మా. ముల్లుతోని పేగులు గూడ ఊడొస్తయి. ఇల్లు కాపాడుకోనీకి పానం ఇస్తది."

"నొప్పి లేవలేదా టీచర్? మీరు అరవనే లేదు!" సుమయ్య ఆమె చెయ్యి పట్టుకున్నది.

అలవాటే, అని నోటిదాక వచ్చింది. మింగింది.

తెల్లారి ఆదివారం. కన్ను మూసుకపోయింది, చెంప ఉబ్బింది. అద్దం ముందల తల దువ్వుకుంటున్న గిడియోన్ దువ్వెన విసిరిండు.

"గీ దినమే కావాల్నా నీకు? ఇయ్యాల చర్చిల నన్ను సంఘపెద్దగ పెడ్తున్నరు. మంది చూస్తే నేనే కొట్టిననుకుంటరు!"

"నువ్వే అందరికి చెప్పు బిడ్డా, ఈగ కుట్టిందని," అన్నది కృపమ్మ రోజీతోని. "నిజం చెప్పనీకి నామోషి ఏంది?"

నిజం. రోజీ ఆ మాటను దారి పొడుగునా నమిలింది. పెదవి పగిలిననాడు బాత్రూంల జారిన్నని చెప్పుమన్నది గీ అత్తనే. మెడ మీద వేళ్లు తేలిననాడు చున్నీ నిండ కప్పుకొమ్మన్నది గీ అత్తనే. అప్పుడు మొఖం దాయిపిచ్చినోళ్లే ఇయ్యాల మొఖం తీసి చూపెట్టుమంటున్నరు. ఇన్నేండ్లకు అతనికి నా నోటితోని నిజం పనిబడ్డది.

చర్చి వాకిట్ల పాస్టరమ్మ ఎదురొచ్చింది. మొఖం చూసి ఆగింది. మెల్లగ అడిగింది, "ఏమైంది రోజీ? మల్ల బాత్రూంలనేనా?"

చెప్పులు విడుస్తున్న ఆడోళ్లు ఇటు తిరిగిండ్రు. గిడియోన్ నవ్వుకుంట పక్కన వచ్చి నిలబడ్డడు. "చెప్పు, చెప్పు. అందరికి వినబడేటట్టు చెప్పు."

రోజీ కదలకుండ నిలబడ్డది. చెట్ల కింద పడ్డ ఈగ యాదికొచ్చింది. కుట్టినంక అది బతకలే. నేను నోరు తెరిస్తే నాకేమైతది? ఇల్లు పోతదా? అది కాపాడుకున్నది దాని ఇల్లు. నేను గిన్నేండ్లు కాపాడింది గీయన పేరు.

తల మీద, మెడ చుట్టు కప్పుకున్న చున్నీని భుజాల మీదికి జార్చింది.

"గీసారి తేనెటీగనే కుట్టింది పాస్టరమ్మా," అన్నది, అందరికి వినబడేటట్టే. "గీ ఒక్కసారే."